పోటుని తిరగేస్తే పాటు కాదట

ఒరేయ్ సూరీ,

ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకుంటూ ఉంటావు. వారం నుంచీ మామయ్య కొబ్బరి షెడ్డులోనే మకాం. దింపు కాయలు అమ్ముడైపోయి షెడ్డు ఖాళీగా ఉంది. మళ్లీ దింపుకి నా వీడియో ఇన్‌స్టలేషన్ (అదే, వస్తువుల మీద వీడియో వేసి చూపే నా ఏర్పాటు) ఎత్తెయ్యాలని షరతు.

మొదట ఏం చేశానో చెబితే నవ్వుతావు. పచ్చి మట్టలు నాలుగు దూలానికి కట్టి, కంప్యూటర్‌లో చేసిన ఆకుల బొమ్మలు వాటి మీద ప్రొజెక్టర్‌తో వేశాను. ఆకు మీద ఆకు! పెళ్లికూతురికి తన ఫోటోనే మేలిముసుగు వేసినట్టుంది. పైగా పచ్చాకు వెలుగంతా మింగేసింది.

అప్పుడు ఆ కొరియా వీడియో ఆర్టిస్టు నామ్ జూన్ పైక్ గుర్తొచ్చాడు. 1974లో ‘టీవీ గార్డెన్’ చేశాడు చూడు, నిజం మొక్కల మధ్య టీవీలు పెట్టి. ఆ తెరల్లో పూలూ ఆకులూ లేవు, ‘గ్లోబల్ గ్రూవ్’ అని తన వీడియోలోని పాటలూ డాన్సుల గోల. మొక్క పక్కన మొక్క కానిది పెట్టాడు, అదీ కిటుకు.

అందుకే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి పోయి, బురదలోంచి మేకుల్లా లేచిన ఊపిరి వేళ్ల దగ్గర కెమెరా పెట్టి, 6 గంటల పోటుని 6 నిమిషాలకి కుదించాను. (దోమల సంగతి అడగకు.) పచ్చి మట్టలు తీసేసి ఎండిన తడిక కట్టాను. ఒరేయ్, అప్పుడు చూడాలి! తడిక మీద నీళ్లు పైకి పాకుతున్నాయి, కంతల్లోంచి జారిన వెలుగు వెనక గోడ మీద ముక్కలుముక్కలుగా ఇంకో ఏరయింది. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు కదా, వెలుగు ఆపుతుందంతే. నీడలున్న చోట అసలు తడిక అల్లిక బయటపడింది. నేను అనుకుని చేసింది కాదులే.

కరెంటు రెండుసార్లు పోయింది, అది మామూలే.

పోటుకి ఎక్కిన నీళ్లు మళ్లీ దిగే పాటు కూడా కావాలిగా. బద్ధకించి అదే వీడియోని తిరగేసి నడిపాను. ఒలుపు పనికొచ్చే ముసలాయన గుమ్మంలో బీడీ ఆర్పి కాసేపు చూశాడు. “ఆయ్, ఇది పాటు కాదండి అబ్బాయిగారూ. నీళ్లు తీసిన బురద తళతళలాడాలి కదండీ, ఇదేంటి మెరుపే లేదు?” అన్నాడు. నిజమే! నా వీడియోలో నీళ్లు వెనక్కి పోయినచోట, అవి ఇంకా రాకముందటి ఆరిపోయిన బురదే కనిపిస్తోంది.

ఆదివారం మళ్లీ కోరింగ వెళ్తున్నా. నీ ట్రైపాడ్ తీసుకుని శనివారం రాత్రికే దిగు. చెప్పులేసుకురా, బూట్లు వద్దు, కిందటిసారి నావి బురదలోనే ఉండిపోయాయి.

నీ
రాజు