కారు సీట్ల మరమ్మతు పైగుడ్డతో ముగిసే పని కాదు

సంపాదకులకు,

అయ్యా,

పాత కారు సీట్లను ఇంట్లోనే కొత్తగా కుట్టుకోవడం గురించి మీ పత్రిక వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఓపిక ఉన్నవారెవరైనా ఈ పని చేసుకోవచ్చునన్న వ్యాసకర్త మాటతో నాకు పేచీ లేదు. చిరిగిన కవరు మీదే కొత్త రెక్సిన్ పరిచి, అంచులు జిగురుతో అంటిస్తే సరిపోతుందన్న సలహాను మాత్రం ఒప్పుకోలేను. కవరు చిరగడానికి కారణం చాలాసార్లు కవరులో ఉండదు, దాని కింద ఉంటుంది. డ్రైవరు సీటునే చూడండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బరువంతా తలుపు వైపు అంచు మీద పడుతుంది కాబట్టి అక్కడి ఫోమ్ ముందుగా నలిగిపోతుంది. ఆ తరువాత గుడ్డ లోపలి ఇనుప చట్రానికి ఒరుసుకుని, సరిగ్గా అక్కడే తెగుతుంది. కింద ఫోమ్‌ను అలాగే వదిలేసి పైన ఎంత ఖరీదైన తోలు వేసినా అది కూడా అక్కడే తెగుతుంది.

అందువల్ల సీటును కారులోంచి బయటికి తీసి, కవరు పూర్తిగా విప్పడంతోనే పని మొదలుకావాలి. సీటును తిరగేస్తే అడుగున కవరు అంచులను చట్రానికి పట్టి ఉంచే సి ఆకారపు ఉక్కు రింగులు కనిపిస్తాయి. వీటినే హాగ్ రింగులంటారు. అడుగున ఉన్నవి తీశాక కవరును పైకి మడిస్తే లోపల మరో వరుస బయటపడుతుంది. సీటు మధ్యలో కనిపించే గాడులను నిలబెట్టేవి ఇవే. కవరు కుట్టు కింద సన్నని గుడ్డ గొట్టంలో ఒక తీగ ఉంటుంది, ఫోమ్ గాడిలో ఇంకో తీగ ఉంటుంది, ఆ రెండింటినీ రింగులు కలిపి బిగిస్తాయి. జిగురు పద్ధతిలో ఈ బిగింపు ఉండదు కాబట్టే, ఎండకు కాస్త వేడెక్కగానే గాడుల మీది రెక్సిన్ పైకి లేచి ముడతలు పడుతుంది. పాత రింగులను కత్తిరించి పారేయవచ్చు గాని తీగలను మాత్రం జాగ్రత్త చేయాలి, ఎందుకంటే సరిగ్గా ఆ వంపుతో ఉన్నవి మళ్లీ దొరకడం కష్టం.

విప్పిన కవరును చింపేయకూడదు. కొత్తది కత్తిరించడానికి అదే కొలత, అదే నమూనా. కుట్లు విప్పకముందే ఒక్కొక్క ముక్క వెనుక అది ఎక్కడిదో రాసి, ముందు వైపు ఎటో బాణం గీసి, పక్క ముక్కతో కలిసే చోట్ల ప్రతి పది సెంటీమీటర్లకూ కుట్టుకు అడ్డంగా చిన్న గీత పెట్టుకోవాలి. వంపు తిరిగిన కుట్ల దగ్గర ఆ గీతలే దిక్కు, అవి లేకపోతే చివరికి వచ్చేసరికి ఒక ముక్క మిగిలి రెండో ముక్క చాలకుండా పోతుంది. పాత గుడ్డ వాడకంలో సాగి ఉంటుందన్నది కూడా మరచిపోరాదు. డ్రైవరు కూర్చునే వైపు సాగిన ముక్కను నమ్మకుండా, అరుగుదల తక్కువగా ఉన్న ముక్కను తిప్పివేసి గీసుకోవడం మేలు.

ఇక ఫోమ్. వేలితో రుద్దితే పొడిగా రాలుతున్నదానికి అతుకులు వేయడం వృథా. గట్టిగా ఉండి ఒక అంచు మాత్రమే నలిగితే, ఆ మేరకు పళ్లున్న పొడవాటి కత్తితో కోసి, ఘనపు మీటరుకు 40 కిలోలకు తగ్గని సాంద్రత ఉన్న ఫోమ్ ముక్కను అతికించవచ్చు. మరీ పాత కార్లలో ఫోమ్‌కు బదులు రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు, గుర్రపు వెంట్రుకలు కనిపిస్తాయి. వాటి కింది స్ప్రింగులకు తుప్పు గీకి రంగు వేసి, పైన కొత్త గోనెపట్ట పరవనిదే ఏ మెత్తా నిలవదు, స్ప్రింగులే దాన్ని కోసేస్తాయి.

కుట్టు విషయంలో వ్యాసంలో ఒక్క మాటా లేకపోవడం ఆశ్చర్యం కలిగించింది. నూలు దారం కారులోని ఎండకు, చెమటకు త్వరగా పుచ్చిపోతుంది. నైలాన్ బలమైనదే, కానీ ఎండకు ఓర్చుకోవడంలో పాలిస్టర్ దానికంటే మెరుగు. ఇంటి కుట్టుమిషను మీద 18వ నంబరు సూదితో రెండు పొరల రెక్సిన్ కుట్టవచ్చు. పైపింగ్ (కుట్టు వెంట ఉబ్బెత్తుగా వేసే సన్నని అంచుపట్టీ) వచ్చి నాలుగు పొరలు కలిసే చోట మోటారును నమ్మకుండా చక్రాన్ని చేత్తో తిప్పుకోవాలి. కుట్టు నిడివి నాలుగు మిల్లీమీటర్ల వరకు ఉండాలి. రెక్సిన్‌లో, తోలులో సూది చేసిన రంధ్రం మళ్లీ పూడుకోదు, అందుకే దగ్గర దగ్గరగా కుడితే తపాలా బిళ్ల అంచులా ఆ వరుస వెంబడే ఊడి వస్తుంది. గుడ్డ ఎంచుకునేటప్పుడు సోఫాలకు అమ్మేది కాకుండా వాహనాల కోసం తయారైనదే అడగాలి. కారు లోపల వాడే పదార్థం మంట అంటుకుంటే నిమిషానికి సుమారు పది సెంటీమీటర్లకు మించి కాలకూడదని అమెరికాలో 1972 నుంచే నిబంధన ఉంది. సోఫా గుడ్డను ఆ లెక్కన పరీక్షించి ఉంటారన్న భరోసా లేదు.

తొడిగేటప్పుడు ఫోమ్ మీద పలచని ప్లాస్టిక్ సంచి కప్పితే కవరు పట్టుకోకుండా జారుతుంది. రెక్సిన్‌ను కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడి లాగుడుకు లొంగుతుంది. మధ్య గాడులు ముందు, అంచులు తరువాత బిగించాలి. (మొదటిసారి చేసేవారు వెనుక సీటుతో ఆరంభించాలని నా అభిప్రాయం. దానికి పట్టాలు ఉండవు, ఆకారం సాదా, లోటుపాట్లు ఉన్నా అంతగా కనిపించవు.)

వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి వ్యాసంలో పూర్తిగా వదిలేశారు. వోల్వో 1994లో పక్క ఎయిర్‌బ్యాగులు తెచ్చిన తరువాత క్రమంగా ఎన్నో కార్లలో అవి ముందు సీట్ల వీపు భాగంలోనే చేరాయి. అలాంటి సీటు అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న పట్టీ ఉంటుంది. అక్కడి కుట్టు ప్రమాద సమయంలో రెప్పపాటులో తెగి, సంచి బయటికి రావడానికి వీలుగా ఎంచిన దారంతో, లెక్క ప్రకారం వేసినది. ఆ కుట్టును ఇంట్లో మళ్లీ వేసినా, వ్యాసంలో చెప్పినట్లు దాని మీద కొత్త రెక్సిన్ బిగించినా, సంచి సకాలంలో విచ్చుకోకపోవచ్చు. కాబట్టి ఆ పట్టీ ఉన్న సీటు వీపు భాగాన్ని తెలిసిన నిపుణులకే అప్పగించాలి. కూర్చునే భాగం కోసం సీటు తీయవలసి వచ్చినా, ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాతే సీటు కింది పసుపు రంగు ఎయిర్‌బ్యాగు కనెక్టర్ల మీద చేయి వేయాలి. సీటు తీసి ఉన్నంతసేపూ ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు.

ఆ వ్యాసం చదివి పనికి పూనుకునే వారు ఉంటారు గనుక, కనీసం ఈ ఎయిర్‌బ్యాగు హెచ్చరికనైనా అదే పేజీలో సవరణగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు