అరకు గుడారాల్లో గ్యాస్ హీటర్లు వద్దు

సభ్యులందరికీ నమస్కారం. శనివారం ఉదయం 6 గంటలకు విజయనగరం కోట దగ్గర బయలుదేరి, శృంగవరపుకోట మీదుగా అరకు చేరి, ఆ రాత్రి గుడారాల్లో బస చేస్తాము.

చలికి కొందరు గ్యాస్ హీటర్లు తెస్తామంటున్నారు. మూసిన గుడారంలో హీటరు గానీ, బొగ్గుల కుంపటి గానీ వెలిగిస్తే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని, నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం పోవచ్చు. గుడ్డకు నిప్పంటుకునే ప్రమాదం సరేసరి. కనుక పడుకునే చోట ఎవరూ మంట పెట్టవద్దు. రగ్గులు, స్వెట్టర్లు ఎక్కువే తెచ్చుకోండి.

వంటగ్యాస్ గాలికంటే బరువైనది, లీకైతే నేలబారున నిలుస్తుంది కాబట్టి, 5 కిలోల సిలిండరును ఆరుబయటే నిటారుగా ఉంచుతాము. వంట చూసేవారు ట్యూబునూ రెగ్యులేటరునూ సబ్బునీటితో ముందే పరీక్షించి, బుడగలు వస్తే మార్చి తీసుకురావాలి.

అదనపు రగ్గులు కావలసినవారు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయండి.