ఈనె ఎండేదాకా ఆగమన్న పెద్దమ్మకు

మూడు రాత్రుల తర్వాత ఇవాళ మధ్యాహ్నం గోడౌనుకు తాళం వేశాం. కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఇది రాసే పడుకోవాలి, రేపటికి సగం మరిచిపోతాం. ఒంగోలులో మా చిన్న ప్రచురణ సంస్థలో పనిచేసే ఐదుగురి తరఫున ఈ నాలుగు ముక్కలు. అచ్చుతప్పులుంటే ప్రూఫు చూసే ఓపిక లేకపోయిందనుకోండి.

జరిగింది చాలామందికి తెలుసు. వాయుగుండం వానకు వెనక కాలవ పొంగి రాత్రికి రాత్రి గోడౌన్‌లో నీళ్లొచ్చాయి. రావాల్సిన కథల పుస్తకం ఫారాలు (ఒక్కోటి 16 పేజీలుగా మడిచే పెద్ద కాగితం) అప్పటికే అచ్చయి, మడత కూడా అయిపోయి, బైండింగుకు వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి. 1/8 డెమ్మీ సైజు, 240 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు 15. వెయ్యి కాపీలు. ఫారానికి వెయ్యి చొప్పున, వందేసి కట్టలు కట్టి, మొత్తం 150 కట్టలు. మడిచిన ఫారాలు జారిపోతాయని ఎత్తుగా పేర్చం, నాలుగు వరసలే వేస్తాం. ఆ జాగ్రత్తే ఈసారి కొంప ముంచింది. నాలుగు అంగుళాల చెక్క పలకల మీద పెట్టాం, నీళ్లు ఏడంగుళాలు వచ్చాయి. అడుగు వరస మునిగింది, దాని పై వరస కింది నుంచి నీళ్లు పీల్చింది. తెల్లారి లెక్క పెడితే తడిసినవి 76 కట్టలు.

పుస్తకాల లెక్క బియ్యం బస్తాల లెక్క కాదు. సగం తడిస్తే సగం మిగిలిందని అనుకోడానికి లేదు. పదిహేను ఫారాల్లో ఏది తక్కువుంటే పుస్తకాలు అన్నే. ఏడో ఫారం పది కట్టల్లో పొడిగా మిగిలినవి నాలుగు. అంటే మిగతావన్నీ చక్కగా ఉన్నా మన చేతిలో ఉన్నది 400 పుస్తకాలే.

మొదటి రెండు గంటల్లో మేం చేసినవన్నీ తప్పులే. తడి కట్టలను ఎండలో పెడదామని బయటికి మోశాం. తాళ్లు కట్టి ఆరేద్దామనుకున్నాం. అప్పుడొచ్చింది ఆ పెద్దమ్మ. పక్క షెడ్డు వాచ్‌మన్ తల్లి. ముప్పై ఏళ్లు టంగుటూరు, కొండపి వైపు గ్రేడింగ్ షెడ్లలో పొగాకు మండెలు (ఎండిన ఆకు గుట్టలు) తిప్పిన మనిషి. పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది, రాయడం లేదు.

వచ్చీ రాగానే ఒక కట్ట విప్పమంది, నడిమికి చెయ్యి పెట్టింది. "లోపల వేడి పుడతా ఉందయ్యా. మండె అయితే రేపటికి కుళ్లిపోద్ది. కాయితమైనా అంతేగా?" అంది. అంతే మరి. తడి కాగితం గుట్టగా ఉంటే నడిమిలో గాలి ఆడదు, మన వాతావరణంలో రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. బూజు మరక పోదు, వాసన అసలే పోదు. మాకు తెలిసిన సంగతే, కానీ పుస్తకంలో చదివి తెలుసుకున్నది. ఆమెకు అరచేతిలో తెలుసు.

తర్వాత ఎండలో పెట్టినవన్నీ లోపలికి తెప్పించింది. ఎండకు పైకాగితం ముందు బిగుసుకుంటుంది, లోపలిది తడిగానే ఉంటుంది, దాంతో ఫారం అప్పడంలా వంకర్లు పోతుంది. మ్యాప్‌లిథో కాగితం పసుపెక్కుతుంది కూడా. కావాల్సింది నీడ, ఆడే గాలి. దగ్గర్లోని కల్యాణ మండపం భోజనాల హాలు తెరిపించాం. అరవై అడుగుల పొడవు, మూడు వైపులా కిటికీలు. తాళ్లు కడతామంటే వద్దంది. సన్నటి తాడు మీద తడి కాగితం వేస్తే నొక్కు పడుతుంది, ఆరాక పోదు. జనవరి దాకా బ్యారన్లు (పొగాకు పచ్చాకును వేడితో ఎండబెట్టే గదులు) ఖాళీయే కదా, ఆకు అల్లే కర్రలు తెప్పిస్తానని వాళ్ల ఊరికి ఫోన్ చేసింది. సాయంత్రానికి ఆటోలో 250 కర్రలు దిగాయి. వాటికి పొగాకు జిగురు ఉంటుంది, అది అంటితే కాగితం మీద గోధుమ మరక. అందుకని ప్రతి కర్రకూ తెల్ల కాగితం చుట్టాం. న్యూస్‌పేపరు చుట్టబోతే మా ప్రూఫ్‌రీడర్ ఆపారు, దాని సిరా తడికి అంటుకుంటుంది.

ఆరబెట్టిన పద్ధతి వివరంగా రాస్తున్నా, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది. నీళ్లు కారే కట్టను పిండకూడదు. తడి కాగితానికి బలం ఉండదు, మడత దగ్గర చీలిపోతుంది. రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి ఏటవాలుగా రెండు గంటలు ఆనించాలి. నీళ్లు వాటంతటవే కారతాయి. ఆ తర్వాత ఐదేసి ఫారాలు తీసి, నడిమి మడత తెరిచి, కర్ర మీద గుర్రం ఎక్కించినట్టు వేయాలి. పదహారు పేజీల ఫారం పైఅంచు మూసుకుని ఉంటుంది, సంచిలాగా. తడి అందులో దాక్కుంటుంది. అక్కడ వేలు పెట్టి నోరు తెరవాలి. 76 కట్టలు, 7,600 ఫారాలు. మూడు గంటలకోసారి ఐదింటిలో లోపలిది పైకి, పైది లోపలికి. రాత్రంతా. ఫ్యాన్లు నేరుగా కాగితం మీదికి కాకుండా గోడ వైపు తిప్పాలి, గాలి తిరిగొచ్చి తగలాలి. సూటిగా కొడితే అంచులు ముందే ఎండి ముడుచుకుంటాయి.

ఆఫ్‌సెట్ సిరా నూనె సిరా కాబట్టి తడికి కారలేదు. బురద మరక అంచుల్లో మూడు మిల్లీమీటర్ల లోపల ఆగినవి ట్రిమ్మింగులో (అంచులు కోయడంలో) పోతాయి, అంతకంటే లోపలికి వెళ్లినవి పక్కన పెట్టాం. కవర్లు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. అవి తడిసి ఉంటే ఈ పోస్టు వేరేలా ఉండేది. ఆర్ట్ కాగితం పూత తడిస్తే జిగురవుతుంది, ఒకసారి అంటుకుని ఆరిందంటే దేవుడొచ్చినా విడదీయలేడు. అదృష్టం, బీరువా మీద ఉన్నాయి.

రెండో రాత్రి రెండు గంటలప్పుడు మాకు ఆరినట్టే అనిపించింది. పేజీలు గరగరలాడుతున్నాయి. కట్టలు కట్టేద్దామన్నాం. పెద్దమ్మ ఒక ఫారం తీసుకుని మడత వెన్ను పెదవికి ఆనించింది. "చల్లగుంది. ఆకు ఎండినా ఈనె ఎండలేదు నాయనా. ఈనె ఎండకుండా దింపితే ఆకంతా మళ్లీ పాడైపోద్ది" అంది. వెన్ను దగ్గర ఎనిమిది పొరల మడత. అక్కడి తడి చివర పోతుంది. ఇరవై ఏళ్లుగా ఫారాలు చూస్తున్నవాళ్లం, వెన్నును ఈనె అనుకోవాలని ఎవరికీ తట్టలేదు. తడి వెన్నుతో, కుట్టకుండా గమ్ముతో అతికే పర్ఫెక్ట్ బైండింగుకు పంపి ఉంటే, వేడి గమ్ము తగలగానే లోపలి తడి ఆవిరై బుడగలు లేచేది. పుస్తకం రెండోసారి తెరిచేసరికి పేజీలు చేతికొచ్చేవి.

ఇంకో పన్నెండు గంటలు ఆగాం. మరీ పెళుసెక్కనివ్వలేదు కూడా. ఆకు పదును మీద ఉన్నప్పుడే మండె కట్టాలంటుంది ఆమె. కాగితం కూడా కాస్త మెత్తదనం ఉండగానే ప్లైవుడ్ మధ్య పేర్చి పైన బరువు పెడితే సాపవుతుంది. బరువుకు మా దగ్గరున్నవి అమ్ముడుపోని పాత సంకలనాలు. అవి ఇన్నాళ్లకు ఒక పనికి వచ్చాయి.

ఇప్పటిదాకా రాసింది పని గురించి. మమ్మల్ని నిజంగా కదిలించింది వేరే. పెద్దమ్మ చదువుతుంది, కూడబలుక్కుని. ఫారాలు తిప్పుతూ చేతికొచ్చిన పేజీ చదువుతా ఉంది. ఫారం అంటే కథ మొదలూ చివరా ఉండదు కదా, 129 నుంచి 144 దాకా ఎక్కడ తెగితే అక్కడ. తెల్లవారుజామున మూడింటికి, అందరం గోడకు ఆనుకుని కూలబడ్డప్పుడు, అడిగింది: "ఆ కోడలు పుట్టింటికి పోయిందా లేదా?" "అది పదో ఫారంలో ఉంది పెద్దమ్మా, ఇంకా తడి." "ఈనె ఆరినాక ఇయ్యి అయితే." మా డీటీపీ అమ్మాయి నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆఫీసులో టీ తాగుతూ ఈ పుస్తకం మీద రెండు నెలలు వాదించుకున్నాం. ముగింపు తేలిపోయిందని ఒకరు, శిల్పమని ఒకరు, "తరువాత"నా "తరవాత"నా అని ఇంకొకరు. ఆ కోడలు ఏమైందన్నది మాలో ఒక్కరూ అడగలేదు.

అంతటితో ఆగలేదు. 104వ పేజీలో బ్యారన్ నుంచి ఆకు రెండు రోజుల్లో దింపారని ఉంది. "ఎవరు రాశారీ అబద్ధం? పండాలి, ఆకు ఎండాలి, ఈనె ఎండాలి. తక్కువలో తక్కువ ఐదారు రోజులు" అంది. రచయిత చూశారు, ఎడిటర్ చూశారు, మూడు ప్రూఫులయ్యాయి. ఒంగోలులో కూర్చుని పొగాకు తప్పు వేశాం. సిగ్గుగా ఉంది. రచయితకు ఫోన్ చేస్తే వెంటనే ఒప్పుకున్నారు, వారికీ థాంక్స్.

చివరి లెక్క: 7,600లో పనికిరాకుండా పోయినవి 612. ఫారానికి 40 చొప్పున అదనంగా వేయించి కవర్ల పక్కనే పెట్టినవి ఉన్నాయి కాబట్టి పదమూడు ఫారాలు వెయ్యికి సరిపోయాయి. ఏడో ఫారం 188, పన్నెండోది 131 పోయాయి. ఆ రెండూ మళ్లీ వేయిస్తున్నాం. పన్నెండోదానికి పాత అచ్చు ప్లేట్లే. ఏడోదానికి 104వ పేజీ ఉన్న వైపు మాత్రం కొత్త ప్లేటు, తప్పు దిద్ది. పాత ఏడో ఫారం ఉన్న కాపీల్లో తప్పు దిద్దిన చీటీ పెడతాం. మళ్లీ వేసిన కాగితం రంగులో కాస్త తేడా కనిపిస్తే మమ్మల్ని తిట్టకండి, అదే లాటు దొరకలేదు.

ఇక కడుపుమంట. మనసులో పెట్టుకుంటే నిద్ర పట్టదు. ఇన్సూరెన్సు ఉందని ధీమాగా ఉన్నాం. పాలసీలో "స్టాకు" అంటే తయారైన పుస్తకమట. మడిచిన ఫారం "తయారీలో ఉన్న సరుకు"ట, ఆ గడి ఎవరూ టిక్కు పెట్టలేదట. ప్రీమియం కట్టించుకున్న రోజు ఈ తేడా చెప్పినవాళ్లు లేరు. చిన్న ప్రచురణకర్తలెవరైనా చదువుతుంటే ఇవాళే పాలసీ తీసి ఆ మాట ఉందో లేదో చూసుకోండి. మళ్లీ కాగితం కొనబోతే పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి అచ్చు కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. నోటు పుస్తకాల కాగితానికి సున్నా చేశారు, సంతోషమే. అచ్చు పుస్తకానికి పన్ను లేదంటారు, నిజమే. పన్ను లేని సరుకు కాబట్టి కాగితం మీద కట్టింది వెనక్కీ రాదు. అంటే ఆ 18 శాతం పుస్తకం ధరలో దాక్కుంటుంది. పంపడానికి రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఉండేది, 2024 డిసెంబర్‌లో అదీ ఎత్తేశారు. ముందే డబ్బు కట్టినవాళ్లకు పోస్టేజీ మేమే పెట్టుకుంటాం, అందులో మార్పు లేదు. ఆలస్యానికి మాత్రం క్షమించండి.

పెద్దమ్మకు డబ్బులివ్వబోతే కొడుకు చేతికి కూడా తీసుకోనివ్వలేదు. మొదటి బైండు కాపీ ఆమెదే. పదో ఫారం సరిచూసి మరీ ఇస్తాం.

మా ఇళ్లల్లోవాళ్లు మూడు పూటలా క్యారియర్లు పంపారు, పిల్లల్ని చూసుకున్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, అసలైనవాళ్లను మరిచా. కరెంటు పోయినప్పుడు జనరేటరు తెచ్చి, డీజిలు డబ్బులు మాత్రమే తీసుకున్న షామియానా కొట్టాయన. హాలు అద్దె వద్దన్న మండపం మేనేజరు గారు. రెండో రోజు కర్రలు మోసిన డిగ్రీ కాలేజీ కుర్రాళ్లు ఎనిమిది మంది (పేర్లు రాసుకున్న చీటీ తడిసిపోయింది, ఏమనుకోకండి). ప్లేట్లు తుడిచి గమ్ము పూసి దాచిపెట్టిన ప్రెస్సు ఆపరేటరు. ఆయన పాత ఇనప సామానుకు వేసేసి ఉంటే పన్నెండో ఫారానికీ కొత్త ప్లేట్లే గతి. నిప్పింగ్ ప్రెస్సు (కాగితాలు నొక్కే యంత్రం) ఎరువిచ్చిన బైండరు, మస్తాన్ షాపు పక్కాయన. అర్ధరాత్రి రెండుసార్లు ఫ్లాస్కు నింపిచ్చిన టీ కొట్టు అక్క.

ఇంకొకటి. కర్రలు 250 వచ్చాయి, తిరిగి లెక్క పెడితే 247 ఉన్నాయి. మూడు ఎవరి చేతికో వెళ్లాయి. దయచేసి గోడౌన్ దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చేయండి, బ్యారన్ వెలిగించేలోపు ఆ రైతుకు అప్పగించాలి.