భాగహారానికి ముందు సంఖ్య పుట్టుక చూడాలి

సంపాదకులకు,

పెద్ద సంఖ్య ప్రధానమో కాదో తేలాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలని బడి పుస్తకాలూ, పత్రికల విద్యా పేజీలూ చెబుతుంటాయి. అది నిజమే. అక్కడితో ఆపేస్తే మాత్రం పిల్లలకు పెద్ద సంఖ్య అంటే వట్టి చాకిరీగా మిగిలిపోతుంది. సంఖ్య ఎలా పుట్టిందో ముందు చూడమని కూడా మీ పేజీల్లో రాయించండి.

4294967297 సంగతే చూడండి. 3, 5, 17, 257, 65537 వరుసలో తర్వాతిది. ఒకదాంట్లోంచి 1 తీసి, వర్గం కట్టి, 1 కలిపితే తర్వాతిది వస్తుంది. ఇవన్నీ ప్రధానాలేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. దీని వర్గమూలం 65536 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలు 6542. అన్నిటితో భాగించనక్కర్లేదు.

ఇది 2³²+1. దీన్ని ఏదైనా ప్రధాన సంఖ్య భాగిస్తే, దానితో 2³²ను భాగించినప్పుడు శేషం −1 (అంటే ఇంకో 1 కలిపితే నిశ్శేషంగా పోతుంది), 2⁶⁴కు శేషం 1. అంతకుముందు ఏ ఘాతానికీ శేషం 1 రాదు. బేసి ప్రధాన సంఖ్య ఏదైనా, దానికన్నా 1 తక్కువైన ఘాతానికి 2ను హెచ్చిస్తే దానితో శేషం 1 వస్తుందని ఫెర్మా చిన్న సిద్ధాంతం చెబుతుంది. కనుక ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే మిగిలేది 64 గుణిజమే కావాలి. 1732లో గణితవేత్త ఆయిలర్ 4294967297 కారణాంకాన్ని పట్టుకున్నాడు; 1878లో మరో గణితవేత్త ల్యూకా ఆ 64ను 128 చేశాడు, అంటే 1 తీసేస్తే మిగిలేది 128 గుణిజమే కావాలని చూపాడు. ఇక 128 గుణిజాలకు 1 కలుపుతూ వరుసగా చూడాల్సినవి 129, 257, 385, 513, 641. వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే!

257తో 2⁸కు శేషం −1, కాబట్టి 2³²కు 1. మన సంఖ్యకు 2. అది పోయింది. ఇక 641. ఇది 5×2⁷+1 కూడా, 5⁴+2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5×2⁷కు శేషం −1, నాలుగో ఘాతం కడితే 5⁴×2²⁸కు శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. అంటే −2³²కు శేషం 1, 2³²+1కు సున్నా. పొడుగు భాగహారం ఒక్కటీ లేకుండా తేలిపోయింది. ఇంతకన్నా అందమైన లెక్కను తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టడం కష్టం.

భాగఫలం 6700417. దాని వర్గమూలం 2588 పైన. 641ను మళ్లీ చూడాలి, ఒకసారి భాగించింది రెండోసారీ భాగించవచ్చు కదా. 6700417ను భాగించే ప్రధానం మన మొదటి సంఖ్యనూ భాగిస్తుంది కాబట్టి, అదీ 128 గుణిజానికి 1 కలిపినదే కావాలి. అందుకే 641తోపాటు 769, 1153, 1409 చూస్తే చాలు. శేషాలు వరుసగా 44, 120, 334, 622. కనుక 6700417 ప్రధానమే.

ఈ లెక్కను కంప్యూటర్‌తో చేయించేవారు రెండుచోట్ల పొరబడుతున్నారు. 32 బిట్ల (32 ద్వియాంశ అంకెల) పూర్ణాంకంలో దాస్తే 2³² రాలిపోయి 1 మాత్రమే మిగులుతుంది. 64 బిట్లు తీసుకోవాలి. రెండోది, ఫెర్మా పరీక్షను (ఒక ఆధార సంఖ్యను, పరీక్షించే సంఖ్యకన్నా 1 తక్కువైన ఘాతానికి హెచ్చించి శేషం 1 వస్తుందో లేదో చూడడాన్ని) 2 ఆధారంగా చేస్తే ఈ సంఖ్య ప్రధానంలాగే నెగ్గుతుంది, 2⁶⁴కు శేషం 1, ఆ ఘాతం 2³² 64 గుణిజమే కాబట్టి. 3 ఆధారంగా చేస్తే దొరికిపోతుంది.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు