రేకుల కింద రాత్రులు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో మాది సిమెంటు రేకుల ఇల్లు. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా గోడకు వీపు ఆనించలేం, చురుక్కుమంటుంది. అమ్మ గోనెసంచులు తడిపి రేకుల మీద పరుస్తుంది. అవి ఆరిపోగానే మళ్లీ లేచి నీళ్లు చల్లుతుంది. ఇక నిద్రెక్కడ? పగలంతా ఎండను తాగిన సిమెంటు, తారు రాత్రంతా ఆ వేడినే వదులుతాయి. చెట్లు, చెరువులు ఉన్నచోట ఇంత బాధ ఉండదు.

ఇంటి కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత లాంటివి వేయించేలా 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మంచి పనే. కానీ 600 గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. మా బస్తీలో అరవై గజాలంటేనే పెద్ద ఇల్లు! కూలి చేసుకునేవాళ్లకు ఇష్టం ఉన్నా పూతకు డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఈసారి ఎండలు ముదరకముందే, మార్చిలోపు, బస్తీ రేకులకు తెల్లపూత మీరే వేయించండి. 2010 వడగాడ్పులకు చాలామందిని పోగొట్టుకున్న అహ్మదాబాద్, 2013 కల్లా ఎండల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక సిద్ధం చేసుకుంది. తర్వాత పేదల ఇళ్ల కప్పులకు తెల్లసున్నం కూడా వేయించింది.

ఇంకొక్క మాట. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా రోడ్లు ఊడ్చే పని ఆపించండి. మా పిన్ని ఆ పనిలోనే ఉంది.