ఆ ఆదివారం జరిగినదాని గురించి, ముఖ్యంగా నాన్నలకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. అర్ధ సంవత్సరం పరీక్షలు డిసెంబరు రెండో వారంలో మొదలవుతాయి, టైమ్‌టేబుల్ డైరీలో అంటించి పంపాం. రెండో టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టేయండి. 3వ నంబరు బస్సు వంతెన పని అయ్యేదాకా పది నిమిషాలు ముందే వస్తుంది.

ఇక అసలు విషయం, నెలసరి వచ్చిన ఒక అమ్మాయికి ఒక నాన్నగారు చేసిన సాయం. తొమ్మిదో తరగతి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా నడుస్తున్న మాటలు నా దాకా వచ్చాయి. కొందరు ఫోన్ చేశారు, ఇద్దరు తండ్రులు నేరుగా ఆఫీసు రూముకే వచ్చారు. జరిగింది ఒకటి, గ్రూపులో తిరుగుతున్నది ఇంకొకటి, అందుకే నేనే రాస్తున్నాను. రెండు కుటుంబాలనీ, ఆ అమ్మాయినీ అడిగాకే రాస్తున్నాను. "రాయండి సార్, నా పేరు మాత్రం వద్దు" అంది.

సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు కోసం ఆ ఆదివారం ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు ఒక అబ్బాయి ఇంట్లో కలిశారు. వాళ్ళమ్మగారు డ్యూటీకి వెళ్ళారు, ఇంట్లో నాన్న, తాతయ్య ఉన్నారు. మధ్యలో ఒకమ్మాయికి డేట్ వచ్చింది. ఆ వయసులో నెలసరి లెక్క ప్రకారం రాదు, మొదటి రెండేళ్ళు ఒకసారి 25 రోజులకి, ఇంకోసారి 40 రోజులకి కూడా రావచ్చు, ఏ పిల్లా ముందుగా ఊహించలేదు. పాప కుర్చీలోంచి లేవలేదు. టిఫిన్ పెడితే వద్దంది. మిగతావాళ్ళు నీళ్ళ సీసాలు తేవడానికి పెరట్లోకి వెళ్తే తను వెళ్ళలేదు, చున్నీ నడుముకి చుట్టుకుని గంటన్నర అలాగే కూర్చుంది. గమనించింది ఆ ఇంటి అబ్బాయే. వెళ్ళి నాన్న చెవిలో చెప్పాడు. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. బండి తీసుకుని వీధి చివర మెడికల్ షాపుకి వెళ్ళి ఒక ప్యాకెట్ తెచ్చి బాత్‌రూమ్ అరలో పెట్టారు. పక్కన రెండు పాత పేపర్లు, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టి, బకెట్ నిండా నీళ్ళు పట్టారు. "అమ్మా, బాత్‌రూమ్ అటు ఉంది, కావాల్సినవన్నీ లోపల ఉన్నాయి, గడియ గట్టిగానే పడుతుంది" అని ముగ్గురమ్మాయిలకీ కలిపి చెప్పి, మగపిల్లల్ని తీసుకుని వీధి అరుగు మీదకి వెళ్ళిపోయారు. తర్వాత అమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసి విషయం చెప్పారు. జరిగింది ఇంతే.

ముగ్గురికీ కలిపి చెప్పారు చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చింది అది. ఎవరికి అవసరమో తనకి తెలుసు, తెలిసినట్టు ఆ పిల్లకి తెలియనివ్వలేదు.

దీనికి గ్రూపులో వచ్చిన మాటలు: "మగాళ్ళకి ఇవన్నీ ఎందుకు", "పక్కింటి ఆంటీని పిలవచ్చు కదా", "స్కూల్లో మగపిల్లలకి ఏం నేర్పిస్తున్నారు". మూడోదానికి జవాబు చెప్తాను. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమారదశ పాఠం ఉంది. చాలాచోట్ల ఆ పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని వదిలేస్తారు, లేదా మగపిల్లల్ని గ్రౌండ్‌కి పంపి చెప్తారు. మన జీవశాస్త్రం మేడమ్ ఆడపిల్లలకీ మగపిల్లలకీ కలిపి చెప్పారు, అలా చెప్పమన్నది నేను. వచ్చే ఏడాది కూడా అలాగే చెప్తారు.

ఎందుకంటే నేను నేర్చుకోకుండా పెరిగినవాణ్ణి. మా ఊళ్ళో అక్క ఆ మూడు రోజులూ పెరటి వసారాలో ఉండేది. వేరే కంచం, వేరే చెంబు, ఒక ఈతచాప. అమ్మ పంపితే అన్నం పట్టుకెళ్ళేది నేనే, తగలకుండా పైనుంచి కంచంలో వేసేవాణ్ణి. వేడి పప్పు ఒకసారి ఆమె చేతి మీద పడింది. ఆమె చెయ్యి దులుపుకుంది తప్ప ఏమీ అనలేదు, నేను పరిగెత్తుకుంటూ వచ్చేశాను. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, ఏమవుతోందో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. పూజ గది విషయంలో, వంటింటి విషయంలో మీ ఇంటి పద్ధతి మీది, దాని జోలికి నేను రాను. కానీ ఆ పద్ధతి మాటున ఒక ఆడపిల్ల ఇబ్బంది పడుతుంటే ఇంట్లో మగవాళ్ళు పేపరు చదువుకుంటూ కూర్చోవడం గురించి మాట్లాడతాను, ఎవరికి కోపం వచ్చినా సరే.

మనం పిల్ల పెద్దమనిషైతే ఊరంతా పిలిచి ఫంక్షన్ చేస్తాం, ఫ్లెక్సీ కడతాం, చిమ్మిలి పంచుతాం. మర్నాటి నుంచి ఆ మాట ఇంట్లో మగవాళ్ళ చెవిన పడకూడదు. నెల సరుకుల చీటీలో సబ్బులు, పేస్టు, షేవింగ్ బ్లేడ్లు అన్నీ ఉంటాయి, ప్యాడ్లు ఉండవు, అవి అమ్మ విడిగా వెళ్ళి తెచ్చుకోవాలి. ప్యాడ్ల మీద ఉన్న 12 శాతం జీఎస్టీని 2018 జులైలో తీసేశారు. ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా అమ్మాయిలకి నెలకి 10 చొప్పున ఉచితంగా ఇచ్చే స్వేచ్ఛ కార్యక్రమం మన ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైంది. ప్రభుత్వాలే బహిరంగంగా మాట్లాడిన వస్తువుని మనం ఇంకా పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి తెస్తున్నాం. ఇంటికి చుట్టాలొస్తారు, పిల్లల స్నేహితులొస్తారు, వాళ్ళకి కాఫీ ఇచ్చి, ఫ్యాన్ వేసి, వైఫై పాస్‌వర్డ్ కూడా చెప్తాం. బాత్‌రూమ్‌లో మాత్రం చెత్తబుట్ట ఉండదు. మన స్కూలు అమ్మాయి ఒకరు చుట్టాలింటికి పెళ్ళికి వెళ్ళి, వాడిన ప్యాడ్‌ని పేపర్లో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకుని ఇంటిదాకా తెచ్చుకుందట, పారేసే చోటు ఎవరిని అడగాలో తెలియక. నాకిది మేడమ్ చెప్పినప్పుడు ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో ఎంతమంది మగవాళ్ళు ఉండి ఉంటారు! ఒక్కరికైనా తట్టలేదు.

తప్పుగా అనుకోకండి, మీ మీద గౌరవంతోనే ఇంకొన్ని చెప్తాను. ఇది కార్తీక మాసం, వనభోజనాలకి మైకు, షామియానా, తంబోలా టికెట్లు దగ్గరుండి చూసుకునే నాన్నలు అక్కడ ఆడవాళ్ళకి బాత్‌రూమ్ ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. కారులో ఊరెళ్ళేటప్పుడు అమ్మాయి ఆపమంటే ఆపండి, "ఇంకో గంటలో ఇల్లొచ్చేస్తుంది" అనకండి, ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలి. వ్రతం రోజు నెలసరి వచ్చిన పిల్లని పదిమందిలో "ఏమ్మా, ప్రసాదం తీసుకోవేం" అని నిలదీయకండి. పోయిన నెల పాపని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక నాన్నగారు స్టాఫ్ రూములో అందరి ముందూ "ఏమైంది, చెప్పవేం" అని గట్టిగా అడిగారు, ఆ పిల్ల నేల చూస్తూ నిలబడింది. లీవ్ లెటర్లో "కడుపునొప్పి" అని రాసి మూడు రోజులు మానిపించడం కూడా చాలు, నిజంగా నొప్పి భరించలేనిదైతే డాక్టరుకి చూపించండి, లేకపోతే పంపించండి, రెండంతస్తుల్లోనూ బాత్‌రూమ్ అరల్లో ప్యాడ్లు పెట్టించాం, ఎవరినీ అడగక్కర్లేదు. వాడినవి ఇంట్లో పేపర్లో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి, చుట్టి ఇవ్వాలన్న మాట 2016 నాటి చెత్త నిబంధనల్లోనే ఉంది. వాటిని చేత్తో ఏరేది మన మున్సిపాలిటీ కార్మికులు.

మగవాళ్ళకి ఇవన్నీ ఎందుకన్నవాళ్ళకి మన పీఈటీ సార్ గురించి చెప్పాలి. ఖోఖో కిట్ బ్యాగులో క్రేప్ బ్యాండేజీ, గ్లూకోజు పక్కన ఒక జిప్ పౌచ్‌లో ప్యాడ్లు ఉంటాయి. మూడేళ్ళ నుంచి పెడుతున్నారట, మాకెవరికీ చెప్పలేదు, అమ్మాయిలకి మాత్రం జిప్ ఎక్కడుందో తెలుసు. ఆ అమ్మాయిలే ఈసారి మండలం గెలిచారు.

ఇక ఆ ఐదుగురు పిల్లలు! డెల్టా కాలువ మీద 14 చోట్ల నీళ్ళు పట్టారు, ఒక్కో సీసా మీద తేదీ, టైము, చోటు రాసి అంటించారు, ఇసుక, బొగ్గు, గులకరాళ్ళ ఫిల్టర్‌ని నాలుగుసార్లు విప్పి మళ్ళీ పేర్చారు. ఆ ఆదివారం పని కూడా ఆపలేదు, సాయంత్రం ఆరింటిదాకా ఐదుగురూ కూర్చుని చార్టు పూర్తి చేశారు. జిల్లాలో రెండో బహుమతి వచ్చింది. ఆ చార్టు ఇప్పుడు నా గదిలో నా కుర్చీ వెనక గోడ మీద ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను.

వచ్చే శనివారం ఉదయం పదింటికి నాన్నల మీటింగు. నలభై నిమిషాలు, మేడమ్ మాట్లాడతారు, ఆ ఇంటి నాన్నగారు కూడా వస్తామన్నారు. అమ్మలూ రావచ్చు, కానీ ఈ లేఖ కింద ఉన్న స్లిప్పు మీద ఈసారి నాన్న సంతకమే కావాలి. నాన్న ఊళ్ళో లేకపోతే తాతయ్యో, బాబాయో, మామయ్యో, ఇంట్లో ఉన్న మగవారు ఎవరైనా సరే. స్లిప్పులు గురువారంలోగా క్లాస్ టీచరుకి పంపండి.

మీ
హెడ్‌మాస్టర్