గోరింట లద్దె వేసిన తెల్లవారుజాము

మొయినాబాద్,
గురువారం మధ్యాహ్నం

ప్రియమైన మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది, క్షమించు. రెండుసార్లు జవాబు మొదలుపెట్టాను గానీ, రెండుసార్లూ లాయం నుంచి పిలుపు వచ్చి కాగితం మడిచి పెట్టవలసి వచ్చింది. ఇంట్లో అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడు ఇంజనీరింగులో చేరాడు. నీకు చెప్పుకుంటే తప్ప నా మనసు తేలికపడనిది మా గుర్రం గోరింట సంగతి.

పోయిన నెల వానల్లో మేత నుంచి తోలుకొస్తుండగా బురదలో దాని ముందరి ఎడమ కాలు జారింది. తెల్లవారేసరికి మోకాలి కింద వెనకవైపు, కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి నరం అరటికాయలా ఉబ్బి, చెయ్యి వేస్తే సలసల కాలుతోంది. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ నరం పోగులు కొన్ని తెగాయనీ, అవి అతుక్కునేదాకా రెండు నెలలు లాయంలోనే ఉంచాలనీ, మొదటి రెండు వారాలు గడప కూడా దాటించవద్దనీ చెప్పారు. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి వచ్చిన గుర్రం పన్నెండడుగుల గదిలో నిలబడి గోడను చూస్తూ ఉంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నా దిగులంతా కాలి మీదే ఉంది. మేత గురించి ఆలోచించవలసింది ఏముంటుంది, వేళకు పెడితే తింటుంది కదా అనుకున్నాను.

దెబ్బ తగిలినవాడికి పుష్టిగా పెట్టాలన్నది మన ఇళ్ళ అలవాటు కదా. సవారీకి వెళ్ళే రోజుల్లో లాగానే రెండు కిలోల ఉడికించిన ఉలవలూ, మీద బార్లీ దాణా పెట్టించాను. గుర్రాన్ని చూసుకునే సైసు తాత మొదటి రోజే గంప పట్టుకుని నిలబడి, "పని లేని గుర్రానికి ఉలవలు నిప్పు, బాబూ" అన్నాడు. నేను వినలేదు. మూడో రోజు డాక్టరమ్మ అదే మాట వివరంగా చెప్పారు. కదలకుండా నిలబడిన గుర్రానికి దాణా దండిగా పెడితే దానిలోని పిండిపదార్థం పూర్తిగా అరగక పెద్దపేగులోకి దిగి పులుస్తుంది, ఆ పులుపు ఒంట్లోకెక్కి గిట్టల లోపలి పొర వాస్తుంది. ఒక కాలు నొప్పిగా ఉన్న గుర్రం బరువంతా రెండో కాలి మీద మోపుతుంది కనుక ఆ గిట్టకు అసలే ముప్పు ఎక్కువ. ఆ పూటే ఉలవలు, బార్లీ మాన్పించాను.

కానీ మూర్తీ, అసలు తప్పు వేరే చోట జరిగింది. ఇన్నాళ్ళూ రోజంతా పచ్చిగరిక మేసిన కడుపును ఒక్కసారిగా ఎండుగడ్డి మీదికి తిప్పాను. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతు నీళ్ళే ఉంటాయి. 20 కిలోలు మేసిందంటే గడ్డితో పాటే 15 లీటర్ల నీళ్ళు తాగినట్టు. ఆ నీళ్ళు పోయాయి, నడక పోయింది, వాన చల్లదనానికి దాహమూ తగ్గింది. నేను బకెట్టు కొలిచి చూడనైనా లేదు.

అయిదో రోజు సాయంత్రం లాయం ఊడుస్తున్న తాత నన్ను పిలిచి లద్దె చూపించాడు. రోజుకు ఎనిమిది పది సార్లు వేసే గుర్రం ఆ రోజు మూడుసార్లే వేసింది, అవి కూడా కుంకుడుకాయల్లా చిన్నవిగా, గట్టిగా, పైన జిగురు పట్టి మెరుస్తున్నాయి. గోరింట మేత ముట్టడం లేదు, మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్కను తానే చూసుకుంటోంది. పై పెదవి మడిచి పళ్ళు బయటపెట్టింది. డొక్కకు చెవి ఆనించి విన్నాను. ఎప్పుడూ దూరాన ఉరుములా గుడగుడలాడే కడుపు, మూతపెట్టిన కుండలా నిశ్శబ్దంగా ఉంది. గుర్రానికి వాంతి కాదన్న సంగతి నీకు తెలుసు కదా. లోపలికి పోయినది ముందుకు కదలవలసిందే, వెనక్కి వచ్చే దారి లేదు.

డాక్టరమ్మ వచ్చేసరికి రాత్రి పదకొండు. పేగు వంపు దగ్గర ఎండిన మేత గడ్డకట్టిందని చెయ్యి పెట్టి చూసి చెప్పారు. ముక్కులోంచి గొట్టం వేసి నీళ్ళూ, పారఫిన్ నూనే ఎక్కించారు, నొప్పికి సూది వేశారు, మేత పూర్తిగా ఆపేయమన్నారు. ఇలాంటప్పుడు మామూలుగా గుర్రాన్ని నడిపిస్తారు. కానీ నడిపిద్దామంటే కాలు ఒప్పుకోదు, నడిపించకపోతే కడుపు ఒప్పుకోదు. చివరికి లాయం ముందర చదును నేల మీద గంటకొకసారి పది అడుగులు మాత్రం వేయించమన్నారు. నేను కళ్ళెం పట్టుకుని, తాత లాంతరు పట్టుకుని, ఆ పది అడుగులు లెక్కపెట్టుకుంటూ... ఆ రాత్రి నీకు ఫోను చేయాలనుకున్నాను. ఏం చెప్పాలో తెలియక మానేశాను.

మూడున్నరకు అది తోక ఎత్తింది. మెత్తని లద్దె పడింది. తాత దాని మెడ పట్టుకుని ఏడ్చేశాడు. కాసేపటికి గోరింట నీళ్ళ బకెట్టులో మూతి ముంచి గుటకలు వేస్తుంటే, ఒక్కొక్క గుటకా దాని గొంతు వెంట కిందికి దిగడం కనిపిస్తూ ఉంటే, మన హాస్టలులో నేను జ్వరం తగ్గి మళ్ళీ తిన్న రోజున నువ్వు "రెండో గరిటె!" అని అరవడం గుర్తుకు వచ్చింది. ఆ మాటే దాని చెవిలో చెప్పాను.

ఆ మర్నాడు గుప్పెడు గుప్పెడుగా నానబెట్టిన గడ్డితో మొదలుపెట్టి వారం మీద పూర్తి మేతకు వచ్చాము. అది 450 కిలోల గుర్రం, రోజుకు ఎనిమిది కిలోల ఎండుగడ్డి స్ప్రింగు త్రాసుతో తూచి, నీళ్ళలో నానబెట్టి, ఆరు పూటలుగా పెడుతున్నాము. గుర్రం పొట్టలో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుందట. పైగా నొప్పి మందు వాడుతున్నాము కనుక, కడుపు గంటల తరబడి ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి. అందుకే రాత్రికి సన్న కన్నుల వలలో గడ్డి కూరి, దెబ్బ కాలు చిక్కుకోనంత ఎత్తున కడుతున్నాము. కొద్దికొద్దిగా లాక్కుంటూ తెల్లవార్లూ నములుతుంది. పొద్దున ఒక కిలో లూసర్న్ అనే ఆకు మేత పెడతాను. పెదవితో ఆకులన్నీ ఏరుకుని తిని, కాడలను ఓ పక్కకు నెట్టి నా వంక చూస్తుంది. మందు కలపడానికి గుప్పెడు తడిపిన గోధుమ తవుడు, రెండు చెంచాల ఉప్పు. ఉప్పు వేసిన రోజు నుంచి రెండు బకెట్లు ఖాళీ చేస్తోంది. బకెట్ల లెక్కా, లద్దె లెక్కా తలుపు మీద సుద్దతో రాస్తున్నాము.

కాలి వాపు సగం తీసింది. నిన్నటి నుంచి పది నిమిషాల నడకకు అనుమతి దొరికింది. దారి పక్కన గరిక కనబడగానే అది ఆగిపోయి నా చెయ్యి లాగిన లాగుడు నీకు ఎలా రాయాలో... నువ్వు దసరాకు వస్తే దగ్గరుండి చూపిస్తాను. నీ బదిలీ సంగతి అడగనే లేదు, దాని గురించి నాకు...

తాత పిలుస్తున్నాడు, నాలుగు గంటల గడ్డి నానిందట. ఉంటాను.

నీ
శ్రీను